పట్టు దిండు మీద మూడు రోజులు

ఓడలకు తెరచాపే బలం, గాలే దారి అయిన పాతకాలంలో, సముద్రం ఒడ్డున శంఖతీరం అనే రాజ్యం ఉండేది. దాన్ని కుముదవర్మ అనే రాజు పాలించేవాడు. మంచివాడు, జాలిగుండె కలవాడు. ఆయనలో ఉన్న లోపం ఒక్కటే. ఎవరేం చెప్పినా సగం వినేవాడు, మిగతా సగం తానే ఊహించుకునేవాడు.

ఒకనాడు సింగారమ్మ అనే ఓడల వర్తకురాలు రాజదర్శనానికి వచ్చింది. వస్తూ వస్తూ చంకలో ఒక బుట్ట తెచ్చింది. మూత తీసేసరికి సభ అంతా నోరు వెళ్ళబెట్టింది.

బుట్టలో ఉన్నది ఒక కుక్క. కుక్కంటే నమ్మేటట్టు లేదు! కొబ్బరికాయకంటే కాస్త పెద్దది, అంతే. ఒంటినిండా పట్టుదారాల్లాంటి వెంట్రుకలు. వీపు మీద ఉక్కు రంగు, మొహం మీద తేనె రంగు. నల్లద్రాక్షల్లాంటి కళ్ళతో రాజును ఎగాదిగా చూసి, "భౌ!" అంది. ఆ గొంతుకు సభలోని భటులు ఉలిక్కిపడ్డారు.

"దీని పేరు చిటికె, మహారాజా. పడమటి ద్వీపాల జాతి. అక్కడివాళ్ళు దీన్ని టెర్రియర్ అంటారు. నేల తవ్వే కుక్క అని అర్థమట" అంది సింగారమ్మ.

"ఇంత సుకుమారి నేల తవ్వడమేమిటి!" అని రాజు పకపకా నవ్వాడు.

"చూడ్డానికే సుకుమారి. మనసు పులిది. మీరు మూడు సంగతులు గుర్తుంచుకోవాలి. దీని వెంట్రుకలు మన జుట్టులాగే పెరుగుతూ ఉంటాయి, రోజూ దువ్వాలి. రోజూ నేల మీద పరుగెత్తనివ్వాలి. మన తిండి పెట్టకుండా, దానికి సరిపడేది కొద్దికొద్దిగా వేళకు పెట్టాలి."

ఆమె మాట పూర్తయ్యేసరికే చిటికె రాజు ఒడిలో ఉంది. రాజు దాని వీపు నిమురుతూ, "అలాగే, అలాగే" అన్నాడు. ఏం విన్నాడో ఆయనకే తెలియాలి. సింగారమ్మ గుమ్మం దాకా వెళ్ళి, ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. ఇంకోసారి చెబుదామా అనుకుంది. కానీ రేవులో ఓడ బయలుదేరే వేళయింది. వెళ్ళిపోయింది.

మర్నాడే రాజధాని విస్తుపోయే పని జరిగింది. పట్టపుటేనుగు ఊరేగింపుకు వస్తుంటే, చిటికె రాజు చేతుల్లోంచి దూకి, ఏనుగు ముందు నిలబడి మొరిగింది. కొండంత ఏనుగు చెవులు విప్పార్చి, రెండడుగులు వెనక్కి వేసింది! మావటివాడు కింద పడబోయి నిలదొక్కుకున్నాడు. రాజు ఆనందానికి పట్టపగ్గాలు లేవు. "చూశారా నా వీరనారిని!" అని మంత్రి విరూపాక్షుడికి పదిసార్లు చెప్పుకున్నాడు.

కొన్నాళ్ళకు రాజు ఉద్యానవనంలోకి వెళ్ళి కొయ్యబారిపోయాడు. మల్లెపాదుల మధ్య పెద్ద గొయ్యి. గోతిలోంచి మట్టి ఎగిరిపడుతోంది. లోపల చిటికె! ముక్కు దాకా బురద. తోక మాత్రం ఆనందంతో ఊగిపోతోంది.

రాజుకు ఊగే తోక కనిపించలేదు. బురద కనిపించింది.

"అయ్యయ్యో, నా బంగారానికి ఈ గతి ఏమిటి! ఇకమీదట దీని కాలు నేలకు తగలడానికి వీల్లేదు" అని ఆజ్ఞ వేశాడు. పట్టు దిండు ఒకటి చేయించి, చిటికెను దాని మీద కూర్చోబెట్టాడు.

మరొకనాడు మల్లిక అనే దాసి దాని వెంట్రుకలు దువ్వుతుంటే, చిక్కు తగిలి అది కుయ్యిమంది. రాజు ప్రాణం విలవిల్లాడింది. "ఆ దువ్వెన అవతల పారెయ్! దాన్ని ఏడిపిస్తే ఊరుకోను" అన్నాడు. దువ్వెన పోయింది. దుమ్ము పడకుండా జరీ చొక్కా వచ్చింది. మెడకు రాళ్ళు పొదిగిన బంగారు పట్టెడ వచ్చింది.

వంటవాడు పేరయ్య ఉడికించిన మాంసం, అన్నం మెత్తగా కలిపి తెస్తే, రాజు మొహం చిట్లించాడు. "నా ముద్దులపట్టికి ఇదా తిండి?" అని తన పళ్ళెంలోంచి పాలకోవా తీసి పెట్టాడు. ఆ మర్నాడు కజ్జికాయ. ఆ మర్నాడు పూతరేకు.

చిటికె మూలిగితే, "ఆకలేస్తోంది పాపం" అని ఇంకొంచెం కోవా పెట్టేవాడు. ఒళ్ళు గోక్కుంటుంటే, "ఎంత చక్కగా ఆడుకుంటోందో!" అని మురిసిపోయేవాడు. కొన్నాళ్ళకు అది మొరగడమే మానేసింది. "బుద్ధి వచ్చింది చూశారా!" అన్నాడు రాజు.

రాణి మాలావతి ఒక్కసారి అడిగింది. "ప్రభూ, అది పరుగెత్తి ఎన్నాళ్ళయింది?"

"రాజు ఒడిలో ఉన్నదానికి పరుగెందుకు, దేవీ?"

వానలు వెళ్ళాయి. చలి వచ్చి, అదీ వెళ్ళింది.

ఒకనాడు పొరుగు రాజ్యం నుంచి దూత వచ్చాడు. చిటికెను చూసి ముచ్చటపడి, "దీని నడక కూడా ఇంత అందంగా ఉంటుందా, మహారాజా? ఒక్కసారి చూడనివ్వండి" అని కోరాడు.

రాజు గర్వంగా చిటికెను చలువరాతి నేల మీద దించాడు.

చిటికె నిలబడలేదు. నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకు జారిపోయాయి. గడ్డం నేలకు కొట్టుకుంది. లేవడానికి ఒకసారి ప్రయత్నించింది. ఇంకోసారి ప్రయత్నించింది. ఆపైన కళ్ళు తేలేసి పక్కకు ఒరిగిపోయింది.

"వైద్యుణ్ణి పిలవండి!" అని రాజు కేక పెట్టాడు.

పశువైద్యుడు గవరయ్య పరుగున వచ్చాడు. జరీ చొక్కా విప్పాడు. విప్పి, చేతులు వెనక్కి తీసుకున్నాడు. లోపల వెంట్రుకలు పట్టుదారాల్లా లేవు. అట్టలు కట్టి, చిరిగిన కంబళిలా ఒంటికి అతుక్కుపోయి ఉన్నాయి. కత్తెరతో ఆ అట్టల్ని మెల్లగా కోస్తుంటే, చుట్టూ నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే మొహం తిప్పుకున్నారు. కింద చర్మం పచ్చిపుండు. పుండు నిండా పిడుదులు. మెడ చుట్టూ పట్టెడ ఒరుసుకుని గాడి పడింది. గోళ్ళు వంకరలు తిరిగి అరికాళ్ళ మెత్తల్లో దిగబడ్డాయి. నోరు తెరిచి చూస్తే సగం పళ్ళు పుచ్చిపోయాయి. వెంట్రుకలన్నీ తీసేశాక మిగిలిన చిటికె రాజు పిడికిలి రెండింతలు కూడా లేదు.

"బతుకుతుందా?" అన్నాడు రాజు.

"చెప్పలేను, ప్రభూ. ఊపిరి ఉంది. తేనె నీళ్ళు నాలుకకు రాస్తాను. తర్వాత దాని ఓపిక."

రాజు లేచి నిలబడ్డాడు. "ఎవరు చేశారీ పని? నా కోటలో, నా కళ్ళముందు, నోరులేని ప్రాణిని ఇలా ఎవరు హింసించారు?" అని గర్జించాడు. "వినండి! వాళ్ళు ఎవరైనా సరే, ఈ ప్రాణి ఎలా బతికిందో మూడు రోజులు అచ్చం అలాగే బతకాలి. నా సింహాసనం మీద ఆన!"

మల్లికను పిలిచారు. ఆమె రాజు మొహం చూసి, నేల చూపులు చూసింది. పేరయ్యను పిలిచారు. వాడూ అంతే. గవరయ్యను అడిగితే, "నాకు జబ్బు తెలుసు, ప్రభూ. చేసినవాళ్ళ పేరు చెప్పలేను" అన్నాడు.

అప్పుడు మంత్రి విరూపాక్షుడు లేచాడు. "ప్రభూ, ఇందులో మనవాళ్ళ తప్పేముంది? ఆ ఓడ మనిషి రోగిష్టి కుక్కను అంటగట్టి పోయింది. ఆమె ఓడ ఈ ఉదయమే మన రేవుకు తిరిగి వచ్చింది."

భటులు సింగారమ్మను చేతులు కట్టి తెచ్చారు. ఆమె రాజును చూడలేదు. మంత్రినీ చూడలేదు. గుడ్డ మీద పడుకోబెట్టిన ఆ గుండుబొమ్మను చూసి, పోల్చుకోలేక కాసేపు నిలబడిపోయింది. పోల్చుకున్నాక మోకాళ్ళ మీద కూలబడింది.

"చిటికా! ఎవరమ్మా నిన్నిలా చేసింది?"

ఆ గొంతు వినగానే చిటికె తోక కొస ఒక్కసారి కదిలింది.

"నాటకాలొద్దు! ఇది నువ్విచ్చిన రోగం" అన్నాడు రాజు.

చేతులు కట్టేసి ఉండడంతో సింగారమ్మ కన్నీళ్ళను భుజానికి ఒత్తి తుడుచుకుంది. "ఇది రోగం కాదు, మహారాజా. నన్ను మూడే ప్రశ్నలు అడగనివ్వండి. ఆ తర్వాత మీ ఇష్టం. దీన్ని దువ్వవద్దన్నది ఎవరు?"

మల్లిక తల ఇంకా దించుకుంది.

"దీని కాలు నేలకు తగలవద్దన్నది ఎవరు?"

భటులు ఒకరినొకరు చూసుకున్నారు.

"దీనికి తన తిండి మాన్పించి, తీపి అలవాటు చేసిన చెయ్యి ఎవరిది?"

రాజు తన కుడిచేతిని చూసుకున్నాడు. పొద్దున తినిపించిన కోవా ఇంకా వేళ్ళకు జిడ్డుగా అంటుకుని ఉంది.

"నేనే" అన్నాడు.

"నాదీ తప్పుంది" అంది సింగారమ్మ. "మీరు వినడం లేదని ఆనాడే తెలుసు. తెలిసీ ఓడెక్కాను."

"ఒక్కసారి అడిగి ఊరుకున్నాను. నాదీ ఉంది" అంది రాణి.

మంత్రి తొందర తొందరగా, "ప్రభూ, మీ ఆజ్ఞ నేరస్థుల కోసం కదా! మీరు చేసింది ప్రేమతో" అన్నాడు.

"నేను ఆన పెట్టింది చేసిన చేతుల మీద, విరూపాక్షా. ప్రేమ ఉందా లేదా అని అందులో అనలేదు. ఈమె కట్లు విప్పండి. శిక్ష జరిగేలా చూసే పని రాణిది."

ప్రజలు ఆశ్చర్యపోయారు. కొందరు ముసిముసిగా నవ్వుకున్నారు కూడా. పట్టు దిండు, జరీ చొక్కా, పళ్ళేల కొద్దీ మిఠాయి. ఇదీ ఒక శిక్షేనా!

రాణి మాత్రం నవ్వలేదు. "దిండు దిగకూడదు. దువ్వెన ముట్టకూడదు. తీపి తప్ప తినకూడదు. చొక్కా, పట్టెడ తీయకూడదు. ఇంకొకటి, ప్రభూ. అది మాట్లాడగలిగిందా? మీరూ మాట్లాడకూడదు."

మొదటి రోజు పొద్దున రాజుకు కష్టమే తెలియలేదు. మధ్యాహ్నానికి జరీ చొక్కా కింద చెమట కాలువలు కట్టింది. కోవా చూస్తే కడుపులో తిప్పింది. కాస్త చారన్నం ఉంటే చాలుననిపించి, వంటింటి వైపు చెయ్యి చూపాడు. విరూపాక్షుడు ఎంతో ఆదరంగా వంగి చూసి, "ఇంకా కోవా కావాలట, పాపం! తొందరగా తెండి" అన్నాడు.

రెండో రోజు కాళ్ళు తిమ్మిరెక్కాయి. మెల్లగా దిండు దిగబోయాడు. నలుగురు భటులు పరుగెత్తుకొచ్చి, అపురూపంగా ఎత్తి మళ్ళీ అక్కడే కూర్చోబెట్టారు. "నేల మీద మట్టి ఉంది, ప్రభూ!" చొక్కా కింద వీపు మండిపోతోంది. చెయ్యి అందక, దిండుకేసి అటూ ఇటూ రుద్దుకున్నాడు. "ఎంత చక్కగా ఆడుకుంటున్నారో!" అని మంత్రి మురిసిపోయాడు.

మూడో రోజుకు జుట్టు చెమటకు, కోవా జిడ్డుకు ముద్దలు కట్టింది. పట్టెడ ఒరిసి మెడ పచ్చిపుండయింది. దవడపన్ను సలుపుతుంటే కళ్ళు తిరిగాయి. భరించలేక గొంతెత్తి అరిచాడు. మాట కాదు, వట్టి అరుపు. సేవకులంతా చుట్టూ చేరారు. ఒకరు విసనకర్రతో విసిరారు. ఒకరు పాదాలు నిమిరారు. ఒకరు నోట్లో పూతరేకు పెట్టారు.

రాజు వాళ్ళ మొహాలను ఒక్కొక్కటిగా చూశాడు. ఒక్క మొహంలోనూ పగ లేదు. అందరి కళ్ళలోనూ ప్రేమే ఉంది. అది చూసి ఆయన ఒళ్ళు గగుర్పొడిచింది. పగవాళ్ళ చేతిలో ఉంటే వాళ్ళను తిట్టుకోవచ్చు, తప్పించుకునే దారి వెతుక్కోవచ్చు. ఇంత ప్రేమగా చంపేవాళ్ళ దగ్గర ఎవరికి మొరపెట్టుకోవాలి? రాజు అరవడం మానేశాడు. తల వాల్చి ఊరుకున్నాడు.

"బుద్ధిగా కూర్చున్నారు" అన్నాడు విరూపాక్షుడు తృప్తిగా.

పొద్దు వాలేవేళ రాణి వచ్చి పట్టెడ విప్పింది. రాజు ముందుగా అడిగింది నీళ్ళు. తర్వాత, "చిటికె ఉందా?" అన్నాడు.

ఉంది. గవరయ్య ఇంట్లో, సింగారమ్మ పక్కన, పాత గుడ్డల మీద పడుకుని ఉంది. పుచ్చిన పళ్ళు తీసేశారు, పుళ్ళకు లేపనం రాశారు. రాజు స్నానమైనా చేయకుండా తూలుకుంటూ వెళ్ళి, "చిటికా" అని చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి చూసి చిటికె వణికిపోయింది. లేవలేని ఒంటిని ఈడ్చుకుంటూ సింగారమ్మ కొంగు వెనక్కి పోయి దాక్కుంది.

మూడు రోజుల శిక్షలో ఏడవని రాజు అప్పుడు ఏడ్చాడు. "దీన్ని తీసుకుపో, తల్లీ. నా దగ్గర ఉంచవద్దు."

"తప్పు తెలుసుకున్నవాడి దగ్గర్నుంచి తీసుకుపోయి, తెలియనివాడికి ఇవ్వమంటారా, మహారాజా?" అంది సింగారమ్మ. "గాలి మళ్ళేదాకా నా ఓడ ఇక్కడే ఉంటుంది. నేర్పుతాను. నేర్చుకోండి."

రాజు నేర్చుకున్నాడు. ఆమె చెప్పింది మొత్తం విని, తిరిగి అప్పజెప్పి, అప్పుడు పనికి దిగేవాడు. వెంట్రుకలు మళ్ళీ పెరుగుతుంటే, కుదుళ్ళను వేళ్ళతో పట్టుకుని, కొసల నుంచి మొదలుపెట్టి నొప్పి తెలియకుండా దువ్వడం నేర్చాడు. కళ్ళలో పడే వెంట్రుకలను చిన్న గుడ్డపీలికతో పైకి కట్టడం నేర్చాడు. మెత్తని గుడ్డ వేలికి చుట్టి పళ్ళు తుడవడం, గోళ్ళు పెరగకుండా తీయడం నేర్చాడు. మెడకు పట్టెడ వేసి లాగితే ఇంత చిన్న గొంతుగొట్టం నలిగిపోతుందని తెలిసి, ఛాతీ చుట్టూ వచ్చే మెత్తని పట్టీ కుట్టించాడు. ఎండవేళ నీడన ఉంచేవాడు, మంచువేళ శాలువా కప్పేవాడు. ఎత్తు మీంచి దూకితే సన్నని కాళ్ళు విరుగుతాయని తన మంచానికి మెట్లు కట్టించాడు.

చిటికె అన్నీ చేయించుకునేది. కానీ రాజు కళ్ళలోకి చూసేది కాదు.

"దీనికి ఇంకా ఏం కావాలి?" అని ఒకనాడు రాజు దిగులుగా అడిగాడు.

"పని కావాలి" అంది సింగారమ్మ. "దీని తాతముత్తాతలు ఎలుకల్ని వేటాడి బతికినవి. ఊరికే కూర్చోబెడితే దీని బుర్ర తుప్పు పడుతుంది. మీ ధాన్యపు కొట్లలోకి వదలండి."

రాజుకు గుండె ఝల్లుమంది. మట్టి, ఎలుకలు, చీకటి కొట్లు! నోటిదాకా వచ్చిన 'వద్దు'ను మింగి, వదిలాడు. మొదట్లో చిటికె గుమ్మంలోనే నిలబడి వాసన చూసేది. తర్వాత తర్వాత లోపలి నుంచి మొరుగు వినపడేది. రాజు బయట నిలబడి, పిలవకుండా కాచుకుని ఉండేవాడు.

గాలి మళ్ళింది. సింగారమ్మ ఓడ వెళ్ళిపోయింది.

ఒకనాడు నిండు సభ కొలువు తీరింది. ముగ్గురు దూతలు తమ తమ కానుకలు విప్పుతున్నారు. అంతలో గుమ్మం దగ్గర కలకలం. భటుల కాళ్ళ మధ్య నుంచి ఒక బురదముద్ద దూసుకొచ్చింది. నోట్లో తన ఒంట్లో సగం ఉన్న ఎలుక! చలువరాతి మీద బురద గీత గీస్తూ, ఆ ఎలుకను ఈడ్చుకుంటూ, సరాసరి సింహాసనం మెట్లెక్కింది చిటికె. ఒక దూత కెవ్వుమని ఆసనం ఎక్కి నిలబడ్డాడు. రాణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

చిటికె ఎలుకను రాజు పాదం మీద వదిలి, తలెత్తి, సూటిగా ఆయన కళ్ళలోకి చూసి, "భౌ!" అంది.

సభ అంతా రాజు మొహం చూస్తోంది. రాజు సింహాసనం దిగి, ఆ బురదలోనే కూర్చున్నాడు. ముందుగా చిటికె పాదాలు ఒక్కొక్కటే ఎత్తి, గాయాలున్నాయేమో చూశాడు. నోరు తెరిచి, చిగుళ్ళు చూశాడు. చూసి, "ఏం దెబ్బలు లేవు. శభాష్" అన్నాడు మెల్లగా.

చిటికె ఆయన కుడిచేతిని నాకింది. రాజు కదలకుండా కూర్చున్నాడు. ఆ చేతిలో ఈసారి కోవా లేదు.

కాబట్టి, పిల్లలూ, ప్రేమ ఉన్నంత మాత్రాన చాలదు. మనం ప్రేమించే ప్రాణికి నిజంగా ఏం కావాలో ఓపికగా చూసి, విని, నేర్చుకుని చేసినప్పుడే ఆ ప్రేమ దానికి మేలు చేస్తుంది.